పరగడుపున ఒక గోలీ: లెవోథైరాక్సిన్‌తో ఆరేళ్లు

నేను ఇక్కడ సమీక్షిస్తున్నది అరచేతిలో ఇమిడిపోయే ఒక ప్లాస్టిక్ సీసాను. అందులో నూరు మాత్రలు ఉంటాయి. ఒక్కొక్కటి కందిబేడ కన్నా కాస్త పెద్దది, అంతే. సీసా మీద లెవోథైరాక్సిన్ సోడియం అని, దాని కింద 100 మైక్రోగ్రాములు అని రాసి ఉంటుంది. నల్లగొండలో దీన్ని ఆ పేరుతో అడిగేవారు నాకు ఇంతవరకు కనబడలేదు. ప్రకాశం బజారులో ఏ మెడికల్ షాపు ముందు నిలబడినా "థైరాయిడ్ గోలీలు ఇయ్యిండ్రి, నూరుది" అనే మాటే వినిపిస్తుంది. నూరుది అంటే నూరు మాత్రల సీసా కావచ్చు, నూరు మైక్రోగ్రాముల మాత్ర కావచ్చు. ఆ రెండు అర్థాల మధ్య నేను ఎంత ఇబ్బంది పడ్డానో తరువాత చెబుతాను. ఈ మందును మన దేశంలో చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి కాబట్టి నేను కంపెనీ పేరు రాయడం లేదు. ఆరేళ్లుగా నేను ఒకే కంపెనీ మాత్రలు వాడుతున్నాను. కంపెనీ మారిస్తే రక్తంలోకి చేరే మందు కొంచెం అటూ ఇటూ కావచ్చునని, మార్చక తప్పకపోతే ఆరు వారాల తరువాత మళ్లీ పరీక్ష చేయించుకోవాలని డాక్టరు చెప్పిన మాటను మొదటి నుంచీ పాటించాను.

ఇది నా జీవితంలోకి 2019 వేసవిలో వచ్చింది. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తాను. ఒంటిపూట బడులు నడుస్తున్న రోజులు. పొద్దున తొమ్మిది గంటలకే గోడలు వేడెక్కి, తోటి ఉపాధ్యాయులందరూ స్టాఫ్ రూములో ఫ్యాను కిందికి కుర్చీలు జరుపుకుంటుంటే, నేను ఫ్యాను గాలి తగలని మూలకు జరిగి కొంగు భుజాల నిండా కప్పుకునేదాన్ని. నల్లగొండ ఏప్రిల్‌లో ఒక మనిషికి చలి వేస్తున్నదంటే అది ఆలోచించవలసిన సంగతే అయినా, నేను ఆలోచించలేదు. సుద్దముక్క పట్టుకున్న వేళ్లు పావుగంటకే తిమ్మిరెక్కేవి. గొంతు బొంగురుపోయింది, ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన గొంతు కదా అని సరిపెట్టుకున్నాను. పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు, దువ్వెన నిండా వెంట్రుకలు, నెలసరిలో ఎన్నడూ లేనంత రక్తస్రావం. అన్నింటికన్నా బాధపెట్టింది మాత్రం మరొకటి. పదో తరగతి పిల్లలకు ఎన్నోసార్లు చేసి చూపిన లెక్క మధ్యలో తరువాతి మెట్టు ఏమిటో తోచక, బోర్డు వైపు తిరిగి అలాగే నిలబడిపోయాను. ముందు బెంచీ అమ్మాయి మెల్లగా తరువాతి మెట్టు చెప్పింది. ఆ సాయంత్రమే రక్తపరీక్షకు వెళ్లాను.

రిపోర్టులో టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోన్, 38 అని ఉంది. అది సుమారు 0.4 నుంచి 4 వరకు ఉండాలి. థైరాయిడ్ తయారుచేసే హార్మోన్‌ను కొలిచే ఫ్రీ టీ4 మాత్రం ఉండవలసిన కనీసం కన్నా తక్కువ. నాడి నిమిషానికి 54. కొలెస్ట్రాల్ 252. ఒకే కారణం ఇన్ని చోట్ల ఇన్ని రూపాల్లో ఎలా కనబడుతుందో అర్థం కావాలంటే థైరాయిడ్ గ్రంథి చేసే పని తెలియాలి. అది తెలియకుండా ఈ మాత్రను సమీక్షించడం కుదరదు కూడా, ఎందుకంటే ఈ మాత్ర కొత్త పనేమీ చేయదు, గ్రంథి మానేసిన పనినే అందుకుంటుంది.

మన పాఠ్యపుస్తకాలలో అవటు గ్రంథి అని పిలిచే థైరాయిడ్, గొంతు ముందు భాగంలో, కంఠమణికి కొంచెం కింద, సీతాకోకచిలుక రెక్కలు చాచినట్టు శ్వాసనాళాన్ని ఆనుకొని ఉంటుంది. పెద్దవారిలో దాని బరువు ఇరవై గ్రాములకు అటూ ఇటూ. తిండిలో వచ్చిన అయోడిన్‌ను రక్తంలో నుంచి ఏరి పట్టుకొని, నాలుగు అయోడిన్ పరమాణువులున్న థైరాక్సిన్‌ను, అంటే టీ4ను, కొద్దిగా మూడు అయోడిన్ పరమాణువులున్న టీ3ని తయారుచేస్తుంది. అసలు పని చేసేది టీ3. అయితే గ్రంథి నేరుగా ఇచ్చే టీ3 చాలా తక్కువ. శరీరానికి కావలసిన దానిలో సుమారు 80 శాతం, కాలేయం, మూత్రపిండాలు, కండరాల వంటి చోట్ల టీ4 నుంచి ఒక అయోడిన్ తీసివేయగా పుట్టేదే. ఆ తీసివేత చేసే ఎంజైముల నిర్మాణంలో సెలీనియం ఉంటుంది. ఆ విధంగా తయారైన టీ3 కణకేంద్రకంలోకి వెళ్లి, అక్కడి గ్రాహకాలను పట్టుకొని, కొన్ని జన్యువులను మేల్కొలిపి, కొన్నింటిని నిద్రపుచ్చుతుంది. దాని ఫలితంగా కణం ఎంత ఆక్సిజన్ వాడాలో, కొవ్వును, చక్కెరను ఎంత వేగంగా ఖర్చు చేయాలో, ఎంత వేడి పుట్టించాలో నిర్ణయమవుతాయి. పూర్తి విశ్రాంతిలో ఉన్నప్పుడు కూడా శరీరం చేసే ఈ కనీస ఖర్చునే ఆధార జీవక్రియ రేటు అంటారు. ఆ రేటును నిలబెట్టడంలో ప్రధానమైన పాత్ర థైరాయిడ్‌దే.

ఇది తెలిసిన తరువాత నా రిపోర్టును మళ్లీ చదువుకుంటే ఒక్కొక్కటీ తన చోటు వెతుక్కుంది. కణాలు వేడి తక్కువ పుట్టిస్తున్నాయి కనుక చలి. గుండె కండరానికి అందవలసిన ఆదేశం తగ్గింది కనుక నాడి 54. కాలేయం రక్తంలోని చెడ్డ కొలెస్ట్రాల్‌ను లోపలికి తీసుకునే గ్రాహకాలు తగ్గిపోయాయి కనుక 252. చర్మం కింద నీటిని పట్టి ఉంచే జిగట పదార్థం పేరుకోవడం వల్ల ముఖం ఉబ్బింది, స్వరతంతువులు దళసరై గొంతు బొంగురుపోయింది, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి వేళ్లు తిమ్మిరెక్కాయి. పేగుల కదలిక మందగించింది. మెదడు కూడా కణాల సముదాయమే. దాని వేగమూ తగ్గింది.

టీ4 తక్కువైతే టీఎస్‌హెచ్ ఎందుకు పెరుగుతుందని మా స్టాఫ్ రూములో చాలామంది అడిగారు. థైరాయిడ్ ఎక్కువైందని టీఎస్‌హెచ్ అంకె చూసి భయపడేవారు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు కాబట్టి దీన్ని కాస్త నిదానంగా చెబుతాను. టీఎస్‌హెచ్ థైరాయిడ్ తయారుచేసేది కాదు. మెదడు అడుగున వేలాడే పీయూష గ్రంథి, థైరాయిడ్‌కు పంపే ఆదేశం అది. రక్తంలో టీ4, టీ3 తగ్గాయని గమనించగానే మెదడులోని హైపోథాలమస్ అనే భాగం పీయూష గ్రంథిని ప్రేరేపిస్తుంది, పీయూష గ్రంథి టీఎస్‌హెచ్‌ను పెంచుతుంది. థైరాయిడ్ స్పందించి హార్మోన్ ఇస్తే ఆదేశం తగ్గుతుంది. స్పందించకపోతే ఆదేశం పెరుగుతూనే పోతుంది. కనుక టీఎస్‌హెచ్ 38 అంటే గ్రంథి మందగించిందని అర్థం, చురుకెక్కిందని కాదు. గణితం చెప్పేదాన్ని కనుక నన్ను మరింత ఆకట్టుకున్న విషయం ఒకటుంది. ఈ రెండింటి మధ్య సంబంధం సరళరేఖ కాదు. ఫ్రీ టీ4 సగానికి పడిపోతే టీఎస్‌హెచ్ రెండింతలు కాదు, దాదాపు వంద రెట్లు పెరుగుతుంది. అందుకే గ్రంథిలో లోపం మొదలైన తొలి రోజుల్లో, టీ4 ఇంకా మామూలుగానే ఉన్నట్టు కనబడుతున్నా, టీఎస్‌హెచ్ ముందుగా బయటపెడుతుంది.

ఇప్పుడు మాత్ర సంగతి. డాక్టరు 50 మైక్రోగ్రాములతో మొదలుపెట్టారు. గ్రంథి పూర్తిగా పనిచేయనివారికి కావలసిన మోతాదు కిలో బరువుకు రోజుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు. నా బరువు అప్పుడు 66 కిలోలు కాబట్టి దరిదాపుగా నూరు దగ్గర ఆగుతుందని ముందే చెప్పారు, అక్కడికే చేరింది. ఆరు వారాలకు టీఎస్‌హెచ్ 14, మోతాదు 75కు పెంచిన తరువాత 6.1, నూరుకు పెంచాక 2.4.

మొదటి పది రోజుల్లో ఏ మార్పూ కనబడలేదు. ఈ మందు గురించి నాకు వినిపించే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. "పదిహేను రోజులు ఏసుకున్న, ఏం ఫరక్ లేదు, బంద్ చేసిన" అని మా వీధిలోనే ఇద్దరు చెప్పారు. వారికి నేను పదో తరగతి గుణశ్రేఢి చూపించి చెప్పాను, ఇక్కడా అదే చెబుతాను. థైరాక్సిన్ రక్తంలో చాలా నెమ్మదిగా ఖర్చవుతుంది. ఉన్నదానిలో సగం తరగడానికి సుమారు ఏడు రోజులు పడుతుంది. అంటే ఈరోజు ఉన్న మందులో రేపటికి 90.6 శాతం మిగిలే ఉంటుంది. రోజుకు నూరు చొప్పున చేరుస్తూ పోతే, చేరేదీ తరిగేదీ సమానమయ్యేచోట శరీరంలో నిలిచే మొత్తం, మింగినదంతా ఒంటికి పట్టిందని లెక్కవేస్తే, సుమారు 1060 మైక్రోగ్రాములు. ఒక వారానికి ఆ మొత్తంలో సగమే చేరుతుంది. రెండు వారాలకు ముప్పావు వంతు, నాలుగు వారాలకు 94 శాతం, ఆరు వారాలకు 98 శాతం. ఆరు వారాలు కాకముందే పరీక్ష వద్దని డాక్టర్లు అనడంలో ఉన్న లెక్క ఇదే. రక్తంలో మందు నిండినా, దాన్ని అందుకున్న చర్మం, జుట్టు, కండరాలు కోలుకోవడానికి మరికొన్ని నెలలు కావాలి.

నా విషయంలో మొదట మారింది మలబద్ధకం, రెండో వారంలో. నెల దాటాక చలి పోయింది. మూడో నెలలో గొంతు తిరిగి వచ్చింది. తరగతి గదిలో చివరి బెంచీ వరకు నా మాట వినిపించిన ఆ రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. కొలెస్ట్రాల్ ఏ ఇతర మందూ లేకుండా 198కి దిగింది. వేళ్ల తిమ్మిరి పూర్తిగా పోవడానికి అయిదు నెలలు పట్టింది.

ఈ మాత్రతో నిజమైన కష్టం మింగే వేళలో ఉంది. పరగడుపున, మంచినీళ్లతో, తిండికి కనీసం అరగంట, వీలైతే గంట ముందు వేసుకోవాలి. పేగులు దీన్ని పీల్చుకోవడానికి కడుపు ఖాళీగా, ఆమ్లంగా ఉండాలి. కాఫీ, చాయ్, పాలు, పీచు ఎక్కువగా ఉన్న తిండి, సోయా దీన్ని అడ్డుకుంటాయి. కాల్షియం, ఐరన్ మాత్రలైతే మందును పట్టుకొని విడవవు కాబట్టి వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. గ్యాసు మాత్రలు రోజూ వాడేవారికి కూడా డోసు చాలకపోవచ్చు. లేవగానే చాయ్ పడనిదే పొద్దు గడవని ఇళ్లు మనవి. ఈ గంట నియమం చెప్పినంత తేలిక కాదు.

దేవరకొండ దగ్గర ఊళ్లో ఉండే మా అమ్మ సంగతే తీసుకుంటాను. నాకు తేలిన మరుసటి ఏడాది, పగలంతా కునుకుతున్నదని ఆమెకూ పరీక్ష చేయించాము. టీఎస్‌హెచ్ 11. అరవై ఎనిమిదేళ్ల మనిషి, బీపీ కూడా ఉంది కాబట్టి గుండె మీద ఒక్కసారిగా భారం పడకూడదని 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, రెండు నెలలకు 50 చేశారు. అయినా అంకె 10 దగ్గరే ఆగిపోయింది. మూడోసారి డోసు పెంచబోతుండగా డాక్టరు, దేనితో వేసుకుంటున్నావమ్మా అని అడిగారు.

"చాయ్‌తోనే సారూ, ఉత్త నీళ్లతోని గొంతుల దిగుతలేదు. మోకాళ్ల నొప్పుల గోలీ గూడ అండ్లనే ఏసుకుంటున్న" అని అమ్మ జవాబు చెప్పింది.

ఆ మోకాళ్ల నొప్పుల గోలీ కాల్షియం. నెలల తరబడి మేము కొన్న థైరాక్సిన్‌లో చాలా భాగం ఆ చాయ్‌లో, కాల్షియంలో చిక్కుకొని వృథాగా పోయింది. డాక్టరు డోసు పెంచలేదు, వేళ మార్చారు. అమ్మ రాత్రి ఏడు గంటలకే తింటుంది, టీవీ చూసి పది గంటలకు పడుకుంటుంది. తిన్న మూడు గంటల తరువాత, పడుకోబోయే ముందు నీళ్లతో మాత్ర, మధ్యాహ్నం బువ్వతో కాల్షియం. అదే 50 మైక్రోగ్రాములతో రెండు నెలలకు టీఎస్‌హెచ్ 4.2కు దిగింది. పరగడుపు నియమం పొద్దునకే పరిమితం కాదని, కడుపు ఖాళీగా ఉండటం, రోజూ ఒకే వేళ పాటించడం ముఖ్యమని చాలామంది మెడికల్ షాపు వాళ్లు చెప్పరు. ఈ సమీక్షలో ఒక్క విషయమే చదివి వదిలేయాలనుకున్నవారు ఈ విషయం చదివితే చాలు.

ఒకరోజు మరచిపోతే కంగారు పడవలసిన అవసరం లేదన్నది కూడా ఆ గుణశ్రేఢే చెబుతుంది. 1060లో తరిగేది తొమ్మిది శాతానికి కొంచెం ఎక్కువ. గుర్తొచ్చిన వెంటనే వేసుకోవచ్చు. కానీ పెళ్లికో, బోనాలకో ఊరు వెళ్లి సీసా ఇంట్లోనే వదిలేసి రెండు వారాలు గడిపితే నాలుగో వంతుకు దిగుతుంది.

నిల్వ విషయంలో నాకు అసంతృప్తి ఉంది. ఈ మందు వేడికి, వెలుతురుకి, తేమకి బలహీనపడుతుంది. ఎక్కువ వేడిలో ఉంచవద్దని సీసా మీదే ఉంటుంది. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి, రేకుల ఇళ్లలో అంతకన్నా ఎక్కువ. పొయ్యి పక్క గూటిలో, స్కూటీ డిక్కీలో, కిటికీ అంచున ఈ సీసాను పెట్టరాదు. వారానికి సరిపడా మాత్రలను గడుల డబ్బాలోకి మార్చుకోవడం కన్నా మూత బిగించిన అసలు సీసాలోనే ఉంచడం మంచిది. నేను పడకగదిలో బీరువా కింది అరలో, బట్టల మధ్య పెడతాను. నూరు మాత్రల సీసా మూడు నెలలకు పైగా వస్తుంది. ఆ మూడు నెలలు ఏప్రిల్, మే, జూన్ అయితే చిన్న సీసా కొనడం మేలని నా అభిప్రాయం.

ఇక 2022లో జరిగిన సంగతి. మామూలుగా కొనే షాపు మూసి ఉంటే మరో షాపులో అడిగాను. "థైరాయిడ్ సీసా, నూరుది" అన్నాను. కౌంటరు దగ్గర ఉన్న అబ్బాయి నూరు మాత్రల సీసా ఇచ్చాడు. అది 150 మైక్రోగ్రాములది. మందుల చీటి నా చేతిలో లేదు, అతను అడగలేదు, నేను సీసా తిప్పి చూడలేదు. రెండో వారం దాటేసరికి నిద్ర పట్టడం మానేసింది. మూడో వారంలో మెట్లు ఎక్కితే గుండె దడ, చేతివేళ్ల సన్నని వణుకు, పిల్లల కాపీలు దిద్దుతుంటే ఎర్ర సిరా గీత నిలవలేదు. రెండు పూటలూ కడుపునిండా తింటూనే బరువు తగ్గాను, చిన్న మాటకే కోపం వచ్చేది. టీఎస్‌హెచ్ 0.05. గ్రంథి మందగించినప్పుడు పడిన బాధలకు ఇవి సరిగ్గా తలకిందులు. శరీరం తన నిల్వలను అవసరం లేని వేగంతో ఖర్చు చేసుకుంటున్నదన్నమాట. నాకు ఇది మాత్ర వల్ల వచ్చింది. గ్రేవ్స్ వ్యాధి ఉన్నవారిలో గ్రంథే అదుపు లేకుండా హార్మోన్ పోస్తుంది. వారిలో కొందరికి కళ్లు ముందుకు పొడుచుకు వస్తాయి, వారికి హార్మోన్ తయారీని అడ్డుకునే కార్బిమజోల్ వంటి మందో, రేడియో అయోడినో, ఆపరేషనో అవసరమవుతుంది. ఏ కారణం వల్లనైనా ఈ స్థితి ఏళ్ల తరబడి సాగితే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారుతాయి. డాక్టరు వారం పాటు మాత్ర ఆపించి, తరువాత నూరుతో మళ్లీ మొదలుపెట్టించారు. దడ పూర్తిగా పోవడానికి మరో మూడు వారాలు పట్టింది. నెమ్మదిగా చేరే మందు నెమ్మదిగానే దిగుతుంది.

ఈ మాత్ర చేయనివాటిని కూడా చెప్పాలి. బరువు తగ్గడం కోసం దీని మీద ఆశ పెట్టుకోవద్దు. నాకు 66 కిలోల నుంచి 62కు దిగింది. తగ్గినదాంట్లో చాలా భాగం ఒంట్లో నిలిచిన నీరే. థైరాయిడ్ సరిగా పనిచేస్తున్నవారు సన్నబడటానికి దీన్ని వాడితే, మామూలు డోసుతో బరువు తగ్గదు, ఎక్కువ డోసుతో గుండెకు ప్రమాదం. పక్కింటి వదినె మాత్ర అడిగి తెచ్చుకొని వేసుకున్నవారిని నేను చూశాను, దయచేసి ఆ పని చేయకండి. జుట్టు రాలడం నాకు తగ్గింది కానీ పూర్తిగా ఆగలేదు. ఆ జుట్టు కోసమే చాలామంది బయోటిన్ మాత్రలు వాడుతున్నారు. బయోటిన్ కొన్ని ల్యాబుల్లో వాడే పరీక్షా పద్ధతిని తప్పుదోవ పట్టించి, టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికన్నా తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపగలదు. రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపాలి, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

గర్భం దాల్చిన స్త్రీకి మాత్రం ఈ చిన్న మాత్ర విలువ మాటల్లో చెప్పలేనిది. మొదటి నెలల్లో కడుపులోని బిడ్డకు సొంత థైరాయిడ్ ఇంకా పనిచేయదు, మెదడు ఎదుగుదలకు తల్లి థైరాక్సినే ఆధారం. అందుకే గర్భం తెలియగానే సాధారణంగా డోసు 25 నుంచి 50 శాతం వరకు పెంచవలసి వస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు గోలీలు వద్దని ఇంట్లో పెద్దలు దీన్ని ఆపించడం మన పల్లెల్లో ఇంకా జరుగుతున్నది; అది బిడ్డకు చేటు. కొందరు పిల్లలు థైరాయిడ్ లోపంతోనే పుడతారు. చూడటానికి ఆరోగ్యంగానే ఉంటారు. పుట్టిన కొద్ది రోజుల్లో మడమ నుంచి ఒక చుక్క రక్తం తీసి పరీక్షించి, రెండు వారాల్లోపు ఇదే మందు మొదలుపెడితే బిడ్డ మెదడు మామూలుగా ఎదుగుతుంది. ఆలస్యమైతే పోయినది తిరిగి రాదు. ప్రసవమైన ఆస్పత్రిలో ఈ పరీక్ష చేశారా అని అడగడం తల్లిదండ్రుల హక్కు.

మన జిల్లాలో ఎవరికి థైరాయిడ్ అని తేలినా వెంటనే వచ్చే ప్రశ్న ఫ్లోరైడ్ నీళ్ల గురించే. మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లలో వంగిపోయిన ఎముకలను, గారపట్టిన పళ్లను చూస్తూ పెరిగినవాళ్లం మనం. ఆ అనుమానం రావడం సహజం. నేనూ అడిగాను. డాక్టరు యాంటీ టీపీవో అనే పరీక్ష రాశారు, అది చాలా ఎక్కువగా వచ్చింది. అంటే నా శరీరపు రక్షణ వ్యవస్థే నా గ్రంథిని పరాయిదిగా భావించి దెబ్బతీసింది. 1912లో జపాన్ వైద్యుడు హషిమోటో మొదట వర్ణించినందున దీన్ని ఆయన పేరుతో పిలుస్తారు. అయోడిన్ సరిపడా దొరికే ప్రాంతాల్లో గ్రంథి మందగించడానికి అతి ముఖ్యమైన కారణం ఇదే, ఆడవారిలో చాలా ఎక్కువ, కుటుంబాల్లో నడుస్తుంది. మా అమ్మకు కూడా ఉండటం అందుకే కావచ్చు. కనుక నీళ్లను నిందించి పరీక్ష మానుకోకండి.

పాలమూరు వైపు చుట్టాలు సజ్జ రొట్టె మానేయాలా అని అడుగుతుంటారు. సజ్జల్లో థైరాయిడ్ పనిని అడ్డుకునే పదార్థాలు ఉన్న మాట నిజం, క్యాబేజీలో కూడా ఉన్నాయి. అయితే అయోడిన్ కరువై, సజ్జలే ప్రధానాహారమైన చోట అది సమస్య. అయోడిన్ ఉప్పు వాడుతూ వారానికి రెండు మూడు పూటలు రొట్టె తింటే భయం లేదు. పెద్దవారికి రోజుకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములే. మన దేశంలో గాయిటర్ (థైరాయిడ్ ఉబ్బి గొంతు వాచడం) నియంత్రణ కార్యక్రమం 1962లో మొదలైంది, ప్యాకెట్ ఉప్పులో అయోడిన్ అందుకే కలుపుతున్నారు. అయోడిన్ లేని కల్లుప్పు మంచిదని ఈ మధ్య వినిపిస్తున్న మాటను నేను ఒప్పుకోను. అలాగని హషిమోటో ఉన్నవారు అయోడిన్ మాత్రలు అదనంగా మింగినా మేలు జరగదు, కీడు జరగవచ్చు.

ధర విషయంలో ఈ మందు మీద నాకు కృతజ్ఞత తప్ప ఫిర్యాదు లేదు. నేను కొనే సీసా రోజుకు రెండు రూపాయల లోపే పడుతుంది. దీనికి ముందు కాలంలో ఏముండేదో చదివిన తరువాత ఆ కృతజ్ఞత ఇంకా పెరిగింది. 1891లో ఇంగ్లండులో జార్జ్ ముర్రే అనే వైద్యుడు, గ్రంథి పూర్తిగా మందగించిన 46 ఏళ్ల స్త్రీకి గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసాన్ని ఇంజెక్షనుగా ఇచ్చాడు. ఆమె కోలుకొని మరో 28 ఏళ్లు బతికింది. ఆ 28 ఏళ్లలో ఆమె వాడిన రసం తొమ్మిది పింట్లకు, అంటే సుమారు అయిదు లీటర్లకు పైగా, అందుకోసం 870కి పైగా గొర్రెల గ్రంథులు కావలసి వచ్చాయి. 1914 క్రిస్మస్ నాడు అమెరికాలో ఎడ్వర్డ్ కెండల్ థైరాక్సిన్‌ను స్ఫటికాలుగా విడదీశాడు. దాదాపు మూడు టన్నుల పంది గ్రంథుల నుంచి ఆయనకు దక్కింది 33 గ్రాములు. 1927లో హారింగ్టన్, బార్జర్ దాన్ని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేశారు. నా బీరువాలోని సీసాలో నూరు మాత్రలూ కలిపి ఉన్న అసలు మందు ఒక గ్రాములో నూరో వంతు, నూరు రోజులు నా గుండెను, పేగులను, గొంతును, ఆలోచనను నడపడానికి అది సరిపోతుంది.

జీవితాంతం వాడాలా అని అడిగేవారికి నా జవాబు, నా వంటి కారణమైతే సాధారణంగా అవును. రిపోర్టు మామూలుగా వచ్చిందని ఆపేస్తే, ఆ మామూలు మాత్ర వల్ల వచ్చినదే కాబట్టి, రెండు నెలల్లో మళ్లీ పాత అంకెకే చేరుతారు. డోసు కుదిరిన తరువాత ఏడాదికి ఒకసారి పరీక్ష చాలు. మొన్న దసరా సెలవుల్లో చేయించుకున్నాను, 2.1 వచ్చింది. ఇప్పుడు షాపుకు వెళితే మందుల చీటి వెంట తీసుకెళ్లి, "లెవోథైరాక్సిన్, నూరు మైక్రోగ్రాములది, నూరు మాత్రల సీసా" అని పూర్తిగా చెబుతాను. డబ్బులు ఇచ్చే ముందు సీసా తిప్పి రెండు అంకెలూ, గడువు తేదీ చదివి గాని సంచిలో వేసుకోను.